తొలకరికి ముందు



మన ఆయుర్వేదాచార్యులు ఒక ఋతువు వెడలిపోవుచు మఱియొక ఋతువు ప్రవేశించుచుండు కాలమును ఋతుసంధి యని పేర్కొని, పోవు ఋతువు తుదివారమునందును, వచ్చు ఋతువు తొలివారమునందును మనుష్యుడు ఆహారవిహారములలో మిక్కిలి మెలకువ గలిగి యుండవలెనని విధించిరి. ఈ విధి మనుష్యునికంటె పశువునకే ఎక్కువగా వర్తించుననుట నా దృఢాభిప్రాయము. వాన వచ్చినచో మనుష్యుడు ఇంటిలోనికి పోవును, నీరు చెడినచో కాచి త్రాగును, కొత్తకూర కడుపునకు పడకున్నచో మానుకొనును. పశువునకు ఈ స్వాతంత్ర్యము లేదు. మనము ఎచ్చటికి తోలిన అచ్చటనే మేయును, ఏ మడుగు చూపిన ఆ మడుగుననే త్రాగును. కావున ఋతువు మాఱుచున్న సంగతిని దాని పక్షమున మనమే ముందుగా గుర్తింపవలసి యున్నది.

గొఱ్ఱెలకును, ఆవులకును, గేదెలకును కాలము ననుసరించి వచ్చు వ్యాధులు పెక్కులు గలవు. వానినన్నిటిని ఏకరువు పెట్టుటకు ఈ స్వల్పవ్యవధి చాలదు, అట్టి యేకరువు వలన ప్రయోజనమును తక్కువ. నేను ముఖ్యముగా మనవి చేయదలచినది ఒక్కటే: ఈ వ్యాధులలో పెక్కింటిని అవి రాకమునుపు మూడు వారములనాడు సులభముగా ఆపవచ్చును, వచ్చిన మఱునాడు ఆపుట దుస్సాధ్యము.

ఇందుకు కారణము టీకా పనిచేయు తీరులోనే యున్నది. టీకామందు సూదితో ఎక్కించిన క్షణముననే పశువునకు రక్షణ చేకూరదు. ఆ మందునందలి, చంపబడిన లేక శక్తి తగ్గింపబడిన సూక్ష్మజీవిని శరీరము గుర్తించి, దాని నెదుర్కొను శక్తిని సమకూర్చుకొనుటకు రెండు మూడు వారములు పట్టును. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల ప్రాంతమున ప్రవేశించును, నైరుతి ఋతుపవనములు ఇంచుమించు ఆ దినములలోనే మన సీమను తాకును. అచ్చటినుండి వెనుకకు లెక్కించి చూచినచో, వానకాలపు రోగములకు టీకాలు వేయించుటకు రోహిణి కార్తె వఱకు ఆగుట గూడ ఆలస్యమేననియు, దానికి ముందటి కృత్తిక కార్తెలోనే, అనగా మే నెల 11వ తేదీ మొదలు 25వ తేదీ లోపుగా ఈ పని ముగింపవలెననియు తేలుచున్నది. రోహిణి నాటికి విత్తనములను సిద్ధపఱచుకొని, నాగలికఱ్ఱు సరిచేయించుకొను రైతే, ఆ నాగలిని లాగవలసిన యెద్దు విషయమున మాత్రము తొలివాన కురిసి పొరుగూరిలో ఒక పశువు చచ్చినదని విన్న పిమ్మట పశువైద్యశాలకు పరుగెత్తుట నేటికిని మన పల్లెలలో కానవచ్చుచున్నది. అప్పటికే రోగబీజము శరీరమున ప్రవేశించి యున్నచో టీకా దానిని కాపాడజాలదు. పశువు చనిపోవును, నింద టీకామీద పడును, మఱుసటి యేడు ఊరిలో సగముమంది తమ పశువులను టీకాకే తోలుకొని రారు.

టీకా వేసినచో పాలు తగ్గునని ఇల్లాండ్రకును, చూడిగొఱ్ఱె ఈచుకొనిపోవునని కాపరులకును ఒక భయము గలదు. ఒకటి రెండు దినములు కొంచెము జ్వరము తగిలి, పాలు స్వల్పముగా తగ్గుట నిజమే. ఆ రెండు పూటల పాలను, పోయిన గేదె మూల్యమును పక్కపక్కన నిలిపి చూచుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాను. జబ్బుతో నున్న పశువునకును, ఈనుటకు దగ్గఱపడిన దానికిని వేయవలెనా, ఆపవలెనా యన్నది పశువైద్యుని నిర్ణయమునకు విడువవలెను. ఇంకొక సంగతి. టీకామందు 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో నుండవలసిన వస్తువు. దానిని అంగడిలో కొని చొక్కాజేబులో వేసికొని వేసవియెండలో నాలుగు మైళ్ళు నడిచి వచ్చిన పిమ్మట ఆ సీసాలో మిగులునది వట్టి నీరు మాత్రమే. మంచుగడ్డలు పెట్టిన డబ్బాలో తెచ్చిన మందునే వేయించుకొనుడు. టీకాకు పదిదినములు ముందుగా కడుపులోని పురుగులకు మందు త్రాగించినచో, పశువు కొంత తేఱుకొని టీకాను చక్కగా గ్రహించును.

ఇక తొలకరి రోగముల విషయము. గొంతువాపు అనియు, గురకరోగమనియు మన రైతులు పిలుచు వ్యాధి ఆవుకంటె గేదెను తీవ్రముగా పట్టును. అకస్మాత్తుగా జ్వరము, నోట చొంగ, గొంతుక్రింద వేడియైన వాపు, ఊపిరి యాడక గురక, ఒక్కొక్కప్పుడు ఇరువది నాలుగు గంటలలోనే మరణము. ఈ రోగబీజము వానతోపాటు ఆకాశమునుండి ఊడిపడునది కాదు. ఆరోగ్యముగా కనబడు కొన్ని పశువుల గొంతులోనే అది అణగి యుండి, పశువు అలసినప్పుడు, తడిసినప్పుడు, ఆకలిగొన్నప్పుడు విజృంభించును. వేసవి మూడు నెలలు ఎండుగడ్డిపోచలతో ప్రాణము నిలుపుకొని ఎముకలు తేలిన యెద్దును, తొలివాన పడిన మఱునాడే కాడి గట్టి సాయంకాలము వఱకు దున్నించి, రాత్రి వాననీరు నిలిచిన కొట్టములో కట్టివేసినచో, రోగమునకు ద్వారము మనమే తెఱచితిమి. కావున ఈ వ్యాధి నివారణము సూదితో ఆరంభము కాదు, ఫాల్గుణ చైత్రమాసములలో వరిగడ్డివాము ప్రక్కన ఆరంభమగును. పిడికెడు తవుడు, కొంచెము తెలకపిండి, తగినంత ఉప్పు, కొట్టములో మెరక, పైకప్పున కారని తాటాకు: ఇవి గూడ మందులే.

జబ్బవాపు దీనికి భిన్నమైనది. ఇది నేలలో ఏండ్లతరబడి జీవించు బీజమువలన పుట్టి, ఆఱు నెలలు మొదలు రెండేండ్ల వయస్సులో నున్న కోడెదూడలను, పెయ్యలను పట్టును. దూడ కుంటును, జబ్బమీదనో తొడమీదనో వాపు లేచును, ఆ వాపును వ్రేలితో నొక్కినచో లోపల గాలి చేరినట్లు కరకరమని చప్పుడగును. రోగము దుర్బలుని వెదకునని లోకమున ఒక నమ్మకము గలదు గదా. ఈ వ్యాధి ఆ నమ్మకమును తలక్రిందు చేసి, కొట్టములో అందఱికంటె పుష్టిగా నున్న దూడను ఏఱుకొనును. గొఱ్ఱెలకు వచ్చు చిటుకురోగమును ఇట్టిదే. తొలకరి వానలకు మొలచిన లేతపచ్చికను ఆబగా మేసిన బలిసిన గొఱ్ఱెపిల్ల, సాయంకాలము గంతులు వేయుచు దొడ్డి చేరినది, తెల్లవాఱునప్పటికి కాళ్ళు చాచి పడియుండును, లేదా కాపరి చూచుచుండగనే ఎగిరి పడి ప్రాణము విడుచును. ఇది దృష్టిదోషమని దిష్టి తీయించు కాపరులను నేను నిందింపను. మందలో కెల్ల మేలైన పిల్ల ఒక్క రాత్రిలో పోయినప్పుడు మనస్సు అట్టి సమాధానమునే వెదకును. నిజమేమన, పిల్ల కడుపులో ఎల్లప్పుడును కొద్దిగా నుండు ఒక సూక్ష్మజీవి, అకస్మాత్తుగా దొరకిన సమృద్ధాహారమువలన వేలు లక్షలుగా పెరిగి విషమును పుట్టించుచున్నది. నివారణము రెండు విధములు. వానకు ముందు టీకా వేయించి, మొదటిసారి వేయించుకొను పిల్లలకు రెండు వారముల పిమ్మట పశువైద్యుడు చెప్పినట్లు మఱల వేయించుట మొదటిది. తొలిపచ్చిక మీదికి ఖాళీకడుపుతో మందను తోలక, ముందుగా కొంత ఎండుమేత పెట్టి, మొదటి వారము గంట, రెండు గంటలు మాత్రమే మేపి, క్రమక్రమముగా అలవాటు చేయుట రెండవది. రెండవదానికి దమ్మిడీ ఖర్చు లేదు.

లేతపచ్చదనపు ప్రమాదము చెప్పుచున్నాను గనుక జొన్నచేలలోని నామును గూర్చియు హెచ్చరింపవలసి యున్నది. జొన్న కోసిన మోళ్ళనుండి వేసవిజల్లులకు పుట్టు పిలకలు, నీరెండి గిడసబాఱిన లేతజొన్న, ఇవి తిన్న పశువు కొద్ది నిమిషములలోనే రొప్పుచు, తూలి పడిపోవును. ఆ పిలకలలో పుట్టు సైనైడు విషమే దీనికి మూలము. తగిన సూదిమందు వెంటనే పడినచో బ్రదుకును, గంట ఆలస్యమైనచో వైద్యుడు వచ్చి చేయునదేమియు నుండదు. జొన్న పూతకు వచ్చు వఱకు పచ్చిగా మేపకుండుటయు, మోడుచేలలోనికి పశువులు చొరకుండ కాచుటయు ఇచ్చట చేయవలసిన పనులు.

వీనియన్నిటికంటె భయంకరమైనది దొమ్మరోగము. దీనిని గూర్చి కొంచెము నిలిచి చెప్పెదను, ఏలయన ఇది పశువుతో ఆగక మనుష్యుని గూడ పట్టును. నిన్నటివఱకు మేయుచున్న గొఱ్ఱె హఠాత్తుగా చచ్చిపడును, కడుపు ఉబ్బును, ముక్కునుండియు మలద్వారమునుండియు గడ్డకట్టని నల్లని నెత్తురు కారును. ఈ లక్షణము చూచినంతనే జ్ఞాపకము చేసికొనవలసిన దొక్కటే: ఆ కళేబరమును కోయరాదు. రోగబీజము శరీరములోపల నున్నంతసేపు సుకుమారమైనదే. కత్తి పడి నెత్తురు నేల రాలి, గాలి సోకినంతనే అది గట్టి పెంకు ధరించి, ఎండకు ఎండక, వానకు నానక, దశాబ్దములపాటు ఆ మట్టిలో నిలిచి యుండును. నేడు కోసిన గొఱ్ఱెవలన మన మనుమలనాటి మందలకు రోగము తగులవచ్చును. ఈ బీజము ఇట్లు పెంకు ధరించుటను 1876లో జర్మనీ దేశమున రాబర్ట్ కోఖ్ నిరూపించెను. 1881 మే నెలలో ఫ్రాన్సు దేశమున పుయీ లె ఫోర్ అను గ్రామములో లూయీ పాశ్చర్, జనులందఱు చూచుచుండగా, 24 గొఱ్ఱెలకు టీకా వేసి, అంతే సంఖ్యగల మఱికొన్నింటిని టీకా లేక విడిచి, మే 31వ తేదీన అన్నిటికిని రోగబీజము నెక్కించెను. జూన్ 2వ తేదీ ముగియునప్పటికి టీకా లేని గొఱ్ఱెలన్నియు చచ్చినవి, టీకా వేసిన మంద మేత మేయుచు నిలిచినది. పశువులకు టీకా యన్నది లోకమున నమ్మకము నందినది ఒక గొఱ్ఱెలమంద మూలముననే.

అయినను దొమ్మరోగమునకు టీకా ప్రతి యూర వేయునది కాదు, ఆ రోగము పూర్వము కనబడిన తావులలో ఏటేట వేయుదురు. కావున మీ యూర ఎప్పుడైన అట్టి మరణములు జరిగి యున్నచో, పెద్దలనడిగి తెలిసికొని పశువైద్యునకు చెప్పుడు. ఇచ్చట నాకు మిక్కిలి బాధ కలిగించు సంగతి యొకటి గలదు. చచ్చిన గొఱ్ఱెను కాపరి పాఱవేయలేడు. అది అతని ఏడాది కూలి. తోలుకైన నాలుగు రూకలు వచ్చునని, మాంసమైన ఊరివారికి పంచవచ్చునని కత్తి పట్టును. ఆ చేతిమీద చిన్న గాయమున్న చాలును, కొద్ది దినములలో అచ్చట నల్లని మాడతో కూడిన పుండు లేచును. తిన్నవారి గతి అంతకంటె ఘోరము. పేదకాపరిని అజ్ఞాని యని తిట్టుటవలన ఇది ఆగదు, గొఱ్ఱె పోయినప్పుడు అతనికి చేయూత దొరకునను ధైర్యము కలిగినప్పుడే అతడు కత్తి క్రింద పెట్టగలడు. గొఱ్ఱెలకు బీమా చేయించుటలో గ్రామపెద్దలు, కాపరుల సహకారసంఘములు చూపవలసిన శ్రద్ధ ఇందు కొఱకే. పశువైద్యుడు చెవినుండి ఒక్క చుక్క నెత్తురు తీసి పరీక్షింపగలడు, దానికి శవచ్ఛేదము అక్కఱలేదు. కళేబరమును కాల్చుట ఉత్తమము, వీలుకానిచో చెఱువులకును, మేతబీళ్ళకును దూరముగా 6 అడుగులకు తగ్గని లోతున, తోలుతో సహా పూడ్చవలెను. దాని క్రింద నున్న గడ్డిని, నెత్తురు పడిన మట్టిని గూడ ఆ గోతిలోనే వేయవలెను.

టీకావలన నిజముగా ఏమి సాధింపవచ్చునో సందేహించువారికి ముసరవ్యాధి కథ చాలును. ఊళ్ళకు ఊళ్ళలో కొట్టములను ఖాళీ చేసి, కఱవును వెంటబెట్టుకొని వచ్చిన ఆ మహమ్మారిపై మన దేశము 1954లో సమష్టిగా టీకా ఉద్యమము నారంభించినది. 1995 తరువాత అది భారతదేశమున మఱల కానరాలేదు, 2011లో భూమండలము మీదనే అది లేదని ప్రపంచసంస్థలు ప్రకటించినవి. నేడు ఇరువదేండ్ల యువకాపరికి ఆ పేరు గూడ తెలియదు. ముసరకు దగ్గఱి జ్ఞాతియైన పారుడురోగము మాత్రము గొఱ్ఱెలను, మేకలను ఇంకను బాధించుచున్నది. జ్వరము, కంట పుసి, ముక్కున చీమిడి, నోట పుండ్లు, పిమ్మట ఆగని పారుడు, ఇవి దాని గుర్తులు. నాలుగు నెలలు నిండిన పిల్లకు ఒక్కసారి టీకా వేసినచో మూడేండ్లు కాపాడును. 2030 నాటికి దీనిని గూడ లోకమునుండి తుడిచివేయవలెనని ప్రపంచదేశములు సంకల్పించినవి. ఆ సంకల్పము నెరవేఱుట మన పాలమూరు, అనంతపురము సీమల కాపరులమీదను ఆధారపడి యున్నది, ఏలయన మేత వెదకుకొనుచు నెలలతరబడి పరాయిసీమలకు మందలను తోలువారు వీరే. ఇది మనకు నిన్న మొన్నటి యాచారము కాదు. అనావృష్టికి ఆగలేక కాటమరాజు పశువులను నెల్లూరి సీమకు తోలుకొని పోయిన గాథను గొల్లసుద్దులలో వినని వారెవ్వరు? దారిలో నూఱు మందలు ఒక్క మడుగున త్రాగును. బయలుదేఱుటకు మూడు వారములు ముందుగా టీకా వేయించుకొన్న మందకే అట్టి ప్రయాణము క్షేమము. సంతలో కొన్న కొత్తగొఱ్ఱెలను సయితము మూడు వారములు వేఱుగా ఉంచి, ఏ జబ్బును లేదని తెలిసిన పిమ్మటనే మందలో కలుపవలెను.

గాలికుంటు వ్యాధిని గూర్చి క్లుప్తముగా చెప్పెదను, ఏలయన ఆఱు నెలల కొకసారి ప్రభుత్వమువారు ఇంటింటికి వచ్చి దీనికి టీకా వేయుచున్నారు. వచ్చినప్పుడు పశువులను పొలమునకు తోలివేయక ఇంటివద్ద నుంచుటయే మనము చేయవలసిన సహాయము.

ఇప్పుడు రెండవ ఋతుసంధి. ఈశాన్యపు వానలు పడు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు గల కాలమున మన గొఱ్ఱెలకు, విశేషించి నెల్లూరు జాతి పల్ల, జోడిపి, దోర గొఱ్ఱెలకు నీలినాలుక వ్యాధి ఉపద్రవముగా పరిణమించును. జ్వరము వచ్చి, మూతియు పెదవులును వాచి, నోరు పుండ్లుపడి, గిట్టలమొదట ఎఱ్ఱనై, గొఱ్ఱె మేయలేక, నడువలేక నిలిచిపోవును. ఇది ఒక గొఱ్ఱెనుండి మఱియొక గొఱ్ఱెకు తాకిడివలన వచ్చునది కాదు. కంటికి సరిగా ఆననంతటి చిన్న కుట్టుడుదోమలు దీనిని మోసికొని పోవును, అవి తడిపేడలోను, బురదలోను పుట్టి, సంధ్యవేళల కుట్టును. ఈ వైరసునకు 20కి పైబడిన రకములు గలవు, ఒక రకమునకు వేసిన టీకా మఱియొక రకమునుండి చక్కగా కాపాడదు. ఆ చిక్కు వలననే మనకు చాలకాలము తగిన టీకా లేకపోయినది. మన దేశమున తిరుగుచున్న 5 రకములను చేర్చి ఇచ్చటనే రూపొందించిన టీకా 2015లో వెలువడినది. దానిని ఆగస్టు, సెప్టెంబరు నెలలలోనే వేయించుడు. దొడ్డిని మెరకమీద నుంచి, పేడను ప్రతిదినము ఎత్తివేసి, సాయంకాలము వేపాకు పొగ పెట్టుడు. రోగము తగిలిన గొఱ్ఱెను ఎండలో నడిపింపక నీడను నిలిపి, పలుచని పొటాషియం పర్మాంగనేటు నీటితో నోరు కడిగి, రాగిజావయో గంజియో కొద్దికొద్దిగా పట్టినచో పెక్కులు కోలుకొనును. ఈ వ్యాధిలో చచ్చు గొఱ్ఱెలలో కొన్ని రోగమువలన గాక ఆకలివలననే చచ్చుచున్నవని నా నమ్మకము. మూతి వాచిన గొఱ్ఱె మేతకై ముందుకు రాలేదు, మనమే మేతను దాని మూతికడకు కొనిపోవలెను.

వానలు వెనుదీసిన పిమ్మట చెఱువులు అంచులనుండి లోపలికి తగ్గుచుండగా, ఆ బురదనేలపై పచ్చని తుంగయు, గడ్డియు లేచును. చుట్టుప్రక్కల బీళ్ళన్నియు ఎండిన ఆ దినములలో మందను అచ్చటికి తోలకుండ ఆపుట కాపరికి కష్టమే. కాని ఆ గడ్డిమొదళ్ళనే కాలేయపు జలగ పిల్లలు కన్నులకు కనబడని గుల్లలలో నంటుకొని యుండును. జబ్బుపశువు పేడలోని గ్రుడ్డు నీటిలో పగిలి, అందలి పిల్ల నత్తలో ప్రవేశించి, అచ్చట ఒకటి పెక్కులై బయటకు వచ్చి గడ్డిని చేరును. నత్త లేనిచోట ఈ చక్రము నడువదు. చెఱువులో బాతులను పెంచినచో అవి నత్తలను తిని మనకు మేలు చేయును. జలగ పట్టిన పశువు క్రమముగా చిక్కి, దవడక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడును. అంతవఱకు ఆగనేల? పదిదినముల కొకసారి గొఱ్ఱె క్రింది కనురెప్పను వ్రేలితో వంచి చూడుడు. ఎఱ్ఱగా నున్నచో మేలు, పాలిపోయి తెల్లనైనచో లోపల ఏదో పురుగు నెత్తురు పీల్చుచున్నదని గ్రహించి పేడను పరీక్షకు పంపుడు, లేదా 1962 సంఖ్యకు టెలిఫోను చేసి సంచార పశువైద్యుని పిలిపించుకొనుడు. ఉదయమున మంచు ఆఱిన పిమ్మటనే మందను విడువుడు, ఏలయన కడుపుపురుగుల పిల్లలు తడిగడ్డి కొసలకు ప్రాకి యుండును. జలగమందు వానకు ముందొకసారియు, వాన వెనుదీసిన పిమ్మట ఒకసారియు, గొఱ్ఱె తూకమును బట్టి పశువైద్యుడు చెప్పిన మోతాదున త్రాగింపవలెను. మందు త్రాగించిన మందను ఆ సాయంకాలమే మరల చెఱువంచునకు తోలినచో ఆ ఖర్చంతయు నీటిపాలగును. మెరకబీళ్ళలో మేపి, బావినీరో తొట్టినీరో పెట్టుచు, ఆ చెఱువంచు పూర్తిగా ఎండునంతవఱకు మందను దానికి దూరముగా నిలుపుడు.